చెట్టెక్కి కోసే పనికి ఏ చిన్న చైన్ సా కొనాలి?

చైన్ సా కొనడానికి షాపుకెళ్లినవాళ్లు ముందు అడిగేది "ఎన్ని సీసీ?" అని. నేల మీద నిలబడి దుంగలు కోసే మిషన్‌కి అది సరైన ప్రశ్నే. నడుముకి తాడు కట్టుకుని, కొమ్మ పంగలో కాలు పెట్టి, పక్కకి వంగి కోసేవాడికి మాత్రం మొదటి ప్రశ్న "ఎన్ని కేజీలు?", రెండోది "దీనికి చైను, బారు (చైను తిరిగే పొడుగాటి ఇనప పలక) మన ఊళ్లో దొరుకుతాయా?". సీసీ ఆ తర్వాత. ఈ వరస తిరగబడడం వల్లే విశాఖలో చాలామంది చెట్ల పనివాళ్ల పెద్ద మిషన్ కింద ఆటోలోనే ఉండిపోతుంది, పైకి మాత్రం కత్తి, గొడ్డలి వెళ్తాయి.

చెట్టు మీద పనికి చేసిన రకాన్ని టాప్ హ్యాండిల్ అంటారు. మామూలు మిషన్‌కి వెనక ఉండే పిడి ఇందులో ఇంజిన్ నెత్తి మీద ఉంటుంది. దాంతో పొడవు తగ్గుతుంది, కొమ్మల మధ్య ఇరుక్కోదు, ఒంటికి దగ్గరగా పెట్టుకుని కోయొచ్చు. ఈ సుఖానికి ఖరీదు కూడా ఉంది. రెండు పిడుల మధ్య దూరం తక్కువ కాబట్టి, బారు ముక్కు పైభాగం దేనికైనా తగిలి మిషన్ వెనక్కి తన్నితే ఆపుకోవడం కష్టం. అందుకే మాన్యువల్స్‌లో ఇది శిక్షణ ఉన్నవాళ్లకి, చెట్టు మీద పనికి మాత్రమే అని రాస్తారు. చిన్నగా ముద్దుగా ఉందని పెరట్లో కట్టెలు కోసుకోవడానికి కొనాలనుకునేవాళ్లు ఈ రకం జోలికి రాకుండా, వెనక పిడి ఉన్న 35–40 సీసీ మిషన్ చూసుకోవడం మంచిది.

పిడి పైన ఉంది కాబట్టి ఒంటి చేత్తో కోయడానికే దీన్ని చేశారని చాలామంది నమ్మకం. కాదు. ఇది కూడా రెండు చేతులతో పట్టుకోవాల్సిన మిషనే. ఇక్కడే బరువు సంగతి వస్తుంది. నాలుగు కొమ్మలు కోసేసరికి చెయ్యి లాగేసే మిషన్ అయితే, మనిషి తెలియకుండానే ఒక చెయ్యి తీసి కొమ్మకి వేస్తాడు. ఎడమ చేత్తో పట్టుకున్న కొమ్మనే కుడి చేత్తో కోస్తుంటాడు. ఎడమ చేతికి, భుజానికి గాట్లు పడేది అలాగే. తేలిక మిషన్ కొనమనడం సోమరితనం కోసం కాదు, ఆ రెండో చెయ్యి మిషన్ మీదే ఉండడం కోసం. అలాగే కోసేటప్పుడు మనిషి రెండు చోట్ల కట్టుకుని ఉండాలి. ఒకటి పై నుంచి వచ్చే తాడు, రెండోది మాను చుట్టూ తిప్పి నడుముకి బిగించే పొట్టి తాడు, అంటే లాన్యార్డ్. ఆ లాన్యార్డ్ లోపల స్టీలు వైరు ఉంటే ఇంకా మంచిది. ఉత్త నైలాన్ తాడుని చైను ముట్టుకుంటే చాలు, తెగిపోతుంది.

ముందు మీరు కోసే చెట్లేవో చూసుకోండి

విశాఖలో ఈ పని ఎక్కడ వస్తుందో మీకు తెలియంది కాదు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, లాసన్స్ బే కాలనీ లాంటి పాత కాలనీల్లో ప్రహరీని ఆనుకుని పెరిగిన బాదం, వేప, మామిడి, కొబ్బరి. రోడ్ల పక్కన పచ్చ తురాయి, నిద్రగన్నేరు, ఏడాకుల పాల. బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వైపు వెళ్తే సరుగుడు. పెందుర్తి, సబ్బవరం, ఆనందపురం దాటితే చింత, తాటి, జీడిమామిడి. ఇవన్నీ మిషన్‌ని ఒకేలా అరగదీయవు.

తురాయి కొమ్మ మెత్తన, పెళుసు. 25 సీసీ మిషన్ కూడా గబగబా కోసేస్తుంది. అక్కడ సమస్య కోత కాదు, కొమ్మ అనుకున్నదానికంటే ముందే విరిగి పడడం. మర్రి, రావి, ఏడాకుల పాల మెత్తనే, కానీ పాలు కారుతాయి. ఆ పాలు, పొట్టు కలిసి బారు గాడిలో జిగురులా పట్టేస్తాయి. పని అయ్యాక బారు విప్పి గాడి గీరకపోతే మర్నాడు ఆయిల్ చైనుకి అందదు. వేప, మామిడి మధ్యరకం. చింత చేవ, సరుగుడు మాత్రం చిన్న ఇంజిన్ సత్తా ఏపాటిదో చెప్పేస్తాయి. 20 సెంటీమీటర్ల సరుగుడు మాను మీద మొండి పళ్లతో పెట్టిన 25 సీసీ మిషన్ కోయదు, పాకుతుంది. పొట్టుకి బదులు పిండి రాలుతుంటే చైను పదును పోయినట్టే. పైగా బీచ్ పక్క చెట్ల బెరడులో ఇసుక ఉంటుంది. అది పదునుని ఇట్టే తినేస్తుంది.

కొబ్బరి సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో చెట్టు తీసే పనుల్లో పెద్ద వంతు దానిదే. ఇళ్ల మధ్య కొబ్బరి చెట్టుని మొదట్లో కోసి పడేసే చోటుండదు. పైకెక్కి, మట్టలు, గెలలు దించి, మొవ్వ తీసి, అక్కడి నుంచి మానుని అడుగు, రెండడుగుల ముక్కలుగా కోసుకుంటూ దిగాలి. మాను బయటి పొర గట్టి, లోపల మెత్తన, మొత్తం పీచు. ఒక కొబ్బరి మాను కోశాక మిషన్ సైడ్ కవర్ విప్పి చూడండి. స్ప్రాకెట్ (చైనుని తిప్పే పళ్ల చక్రం) చుట్టూ పీచు తాడు పేనినట్టు చుట్టుకుని ఉంటుంది, దాని మధ్యలో ఆయిల్, పొట్టు కలిసిన నల్లటి ముద్ద. ఆయిల్ వచ్చే బెజ్జం దాని వెనకాల మూసుకుపోయి ఉంటుంది. ట్యాంకులో ఆయిల్ నిండుగా ఉన్నా బారు కాలి నీలం రంగు తిరగడానికి కారణం ఇదే. పైనున్నవాడు "అన్నా, ఆయిల్ అయిపోనాది" అని కేకేస్తే, సగంసార్లు అయిపోయింది ఆయిల్ కాదు, దారి. కాబట్టి కొబ్బరి పని ఎక్కువగా చేసేవాళ్లు సైడ్ కవర్ ఎంత సులువుగా ఊడుతుందో, నట్టు కవర్‌కే అంటిపెట్టుకుని ఉంటుందా లేక జారి కింద పడుతుందా అన్నది చూసి కొనాలి. ముప్ఫై అడుగుల ఎత్తులో బారు నట్టు జారితే ఇక ఆ పూట పని లేనట్టే.

25 సీసీ తరగతి

ఇందులో పేరున్నవి ఎకో సీఎస్-2511టీ, స్టిల్ ఎంఎస్ 151 టీసీ-ఈ, హస్క్‌వర్నా టీ525. ఎకో 25 సీసీ, బారు, చైను లేకుండా సుమారు 2.3 కేజీలు. స్టిల్ 23.6 సీసీ, సుమారు 2.6 కేజీలు. హస్క్‌వర్నా 27 సీసీ, సుమారు 2.7 కేజీలు. మూడూ 1.1 కిలోవాట్ల దరిదాపుల్లోనే ఉంటాయి. కేటలాగులో రాసే బరువు ఖాళీ మిషన్‌దని గుర్తుంచుకోండి. బారు, చైను, పెట్రోల్, చైన్ ఆయిల్ అన్నీ కలిసి ఇంకో ముప్పావు కేజీ నుంచి కేజీ దాకా పెరుగుతుంది. షాపులో ఖాళీ మిషన్ ఎత్తి "అబ్బో, తేలికే" అనుకుంటే సగమే తెలిసినట్టు.

కొమ్మలు దించడం, గుబురు తగ్గించడం, ఇంటి మీదకి వాలినవి తీయడం, ఇదే మీ పనిలో ఎక్కువ భాగమైతే ఈ తరగతి చాలు. 15 సెంటీమీటర్ల లోపు కొమ్మల్లో పెద్ద మిషన్‌కి దీనికి తేడా సెకన్లలోనే ఉంటుంది. కానీ సాయంత్రానికి మోచేతిలో తేడా తెలుస్తుంది. దీనికి 25 సెంటీమీటర్ల బారే సరి. 30 పెట్టొచ్చు. అంతకంటే పొడుగు బారు బిగించి "ఇప్పుడు పెద్ద మానులూ కోయొచ్చు" అనుకోవడం అనవసరం. ఇంజిన్ అదే, లాగాల్సిన చైను మాత్రం పెరుగుతుంది.

30 నుంచి 40 సీసీ తరగతి

స్టిల్ ఎంఎస్ 194 టీ 31.8 సీసీ, 1.4 కిలోవాట్లు, 3.3 కేజీలు. హస్క్‌వర్నా టీ435 35.2 సీసీ, 1.5 కిలోవాట్లు, 3.4 కేజీలు. ఇవి మధ్యరకం ధరలో దొరికేవి. వీటికి పైన స్టిల్ ఎంఎస్ 201 టీసీ-ఎం, హస్క్‌వర్నా టీ540 ఎక్స్‌పీ ఉన్నాయి. రెండూ 1.8 కిలోవాట్లు, నాలుగు కేజీలకి కాస్త తక్కువ. ఈ పైరకాల్లో కార్బొరేటర్‌ని మిషనే తనంతట తాను సర్దుకుంటుంది. స్క్రూడ్రైవర్‌తో తిప్పే పని లేదు. సౌకర్యమే, కానీ ఆ ఎలక్ట్రానిక్స్ మొరాయిస్తే మన వీధి మెకానిక్ చేతిలో పని కాదు, కంపెనీ డయాగ్నస్టిక్ పరికరం ఉన్న డీలర్ దగ్గరికే వెళ్లాలి. ఆ పరికరం విశాఖలో ఎవరి దగ్గరుందో కొనేముందే కనుక్కోండి. "పంపిస్తాం సార్, పదిహేను రోజుల్లో వస్తుంది" అనే సమాధానం వస్తే, తుపాను సీజన్‌లో ఆ పదిహేను రోజుల విలువెంతో లెక్కేసుకోండి.

చెట్టు మొత్తం తీసే పని, అంటే కొమ్మల తర్వాత మానుని కూడా ముక్కలుగా దించే పని ఎక్కువగా ఉంటే ఈ తరగతే. కొబ్బరికి, చింతకి, సరుగుడుకి 30–35 సెంటీమీటర్ల బారుతో ఇది నిలబడుతుంది. నన్నడిగితే, చెట్టెక్కడానికి ఒకే ఒక మిషన్ కొనగలిగిన మనిషికి ఎంఎస్ 194 టీ, టీ435 లాంటి మధ్యరకమే సలహా ఇస్తాను. పైరకాల్లో అదనంగా వచ్చే సత్తా నిజమే కానీ, మన పనుల్లో అది కనిపించే చోట్లు తక్కువ. కింద నేల మీద దుంగలు కోయడానికి 50 సీసీ మిషన్ ఎలాగూ ఉంటుంది కదా. అది లేనివాళ్లు ముందు అది కొనుక్కోవాలి. చెట్టెక్కే మిషన్ ఎప్పుడూ రెండో మిషనే.

బ్యాటరీ మిషన్లు

"చెట్టు కోయడానికి బ్యాటరీయా, ఏటి గురూ!" అని నవ్వేవాళ్లు ఇంకా ఉన్నారు. నవ్వాల్సిన రోజులు పోయాయి. పైకెక్కినవాడు నికరంగా కోసే సమయం చాలా తక్కువ. కాలు మార్చుకోవడం, తాడు సర్దుకోవడం, కొమ్మకి మోకు బిగించడం, కిందవాళ్లు పక్కకి తప్పుకునేదాకా ఆగడం, ఇదే ఎక్కువ. పెట్రోల్ మిషన్ ఈ సమయమంతా నడుము దగ్గర పొగ చిమ్ముతూ మూలుగుతుంటుంది, లేదా ఆపేసి ప్రతిసారీ తాడు లాగాలి. బ్యాటరీ మిషన్ బటన్ వదిలితే ఆగుతుంది, నొక్కితే తిరుగుతుంది. కింద ఉన్నవాడి కేక పైకి వినిపిస్తుంది. అపార్ట్‌మెంట్ కాంపౌండ్‌లో, ఆసుపత్రి పక్కన, బడి గోడ దగ్గర పనిచేసేటప్పుడు ఈ నిశ్శబ్దానికి విలువ ఎక్కువ. పెట్రోల్ మిషన్ చెవి దగ్గర 100 డెసిబెల్స్ అటూఇటూ ఉంటుంది.

ఎంతసేపు వస్తుందన్నది షాపువాడిని అడగక్కర్లేదు, లెక్క వేసుకోవచ్చు. బ్యాటరీ మీద వోల్టులు, ఆంపియర్ అవర్లు రాసి ఉంటాయి. రెండూ గుణిస్తే వాట్ అవర్లు. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 90. అలాంటివి రెండు పెట్టే మిషన్ అయితే 180. చైను సుమారు ఒక కిలోవాట్ లాగుతుందనుకుంటే, 180 వాట్ అవర్లు పది పదకొండు నిమిషాల నికర కోతకి వస్తాయి. వినడానికి కొంచెంగా ఉన్నా, గుబురు తగ్గించే పనిలో అది ఒక మధ్యస్థమైన చెట్టుకి సరిపోతుంది. చింత చేవలో దూరి మానులు కోస్తే మాత్రం చూస్తుండగానే దిగిపోతుంది. "40 వోల్టులు" అని పెద్ద అక్షరాలతో రాసిన పెట్టె చూసి పొంగిపోకండి. వోల్టులొక్కటే చూస్తే ఏమీ తెలియదు.

ఇందులో హస్క్‌వర్నా టీ535ఐ ఎక్స్‌పీ, స్టిల్ ఎంఎస్ఏ 161 టీ పక్కా చెట్లపనివాళ్ల కోసం చేసినవి. బ్యాటరీ లేకుండా రెండు నుంచి రెండున్నర కేజీలు. బ్యాటరీ పెట్టాక తేలికరకం పెట్రోల్ మిషన్‌తో సమానమో, కాస్త ఎక్కువో అవుతాయి. మకిటాలోనూ 18 వోల్టుల టాప్ హ్యాండిల్ మిషన్లున్నాయి. వడ్రంగి పనికో, ఎలక్ట్రికల్ పనికో ఇప్పటికే మకిటా డ్రిల్లు, బ్యాటరీలు, చార్జర్ ఉన్నవాళ్లకి ఒట్టి మిషన్ కొంటే సరిపోతుంది. ఈ రకంలో అసలు ఖర్చు మిషన్‌ది కాదు, బ్యాటరీలది. కనీసం రెండు జతలు లేకుండా పనికి దిగకూడదు.

మన ఊరికి సంబంధించి రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఆటో డాష్‌బోర్డు మీదో, డాబా మీదో పెట్టిన బ్యాటరీ వేడెక్కిపోతే చార్జర్ దాన్ని తీసుకోదు. చల్లబడేదాకా ఎర్రలైటు వెలుగుతూనే ఉంటుంది. గోనెసంచి కింద నీడలో పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. రెండోది తుపాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో చెట్లు పడని వీధి లేదు, కరెంటు రోజుల తరబడి లేదు. చెట్టు కోసే మిషన్ అవసరం ఎప్పుడు ఎక్కువో, చార్జింగ్‌కి కరెంటు అప్పుడే ఉండదు. పెట్రోల్‌కీ బంకుల దగ్గర బారులు తీరాల్సి వచ్చింది కానీ, అయిదు లీటర్ల డబ్బా ముందే నింపుకున్నవాడు పని చేసుకోగలడు. అందుకే తుపాను పని కూడా చేసేవాళ్లకి బ్యాటరీ ఒక్కటే చాలదు. జనరేటర్ ఉంటే ఆ మాట వేరు.

బ్యాటరీ మిషన్‌తో ఇంకో ప్రమాదం ఉంది. అది చప్పుడు చేయదు కాబట్టి ఆగి ఉందనుకుని నడుముకి వేలాడదీస్తారు. ఎక్కేటప్పుడు బటన్ కొమ్మకి తగిలితే తొడ దగ్గరే చైను తిరుగుతుంది. చైన్ బ్రేక్ (తిరిగే చైనుని పట్టి ఆపేది) వేయకుండా, స్విచ్ ఆపకుండా వేలాడదీయకూడదు. కొన్ని మిషన్లు కాసేపు వాడకపోతే తమంతట తామే ఆగిపోతాయి. అలాంటిదైతే ఇంకాస్త మేలు.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవి

పేరున్న కంపెనీ మిషన్ ధరలో నాలుగో వంతుకి 25 సీసీ టాప్ హ్యాండిల్ అని ఆన్‌లైన్‌లో బోలెడు కనిపిస్తాయి. రంగు, పేరు వేరు, లోపల దాదాపు ఒకటే. అన్నీ పనికిరానివని అనను. నేల మీద ఎప్పుడో ఓసారి వాడేవాళ్లకి కొన్నాళ్లు వస్తాయి. చెట్టు మీద పనికి మాత్రం వద్దంటాను. వాటిలో చైన్ బ్రేక్ పట్టు, ఐడ్లింగ్‌లో (రేజ్ చేయకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు) చైను నిలకడగా ఆగడం మీద నమ్మకం పెట్టుకోలేం. ఈ రెండూ పోతే పోయేది డబ్బు కాదు.

అసలు ఇంజిన్ లేకుండా గడిచే పని కూడా చాలా ఉంది. వంపు తిరిగిన బ్లేడుతో లాగి కోసే చేతి రంపం, మంచి రకమైతే, మణికట్టు మందం కొమ్మని అరనిమిషంలో తీసేస్తుంది. మునగ, సపోటా, జామ, నందివర్ధనం ఉన్న ఇళ్లలో అదొక్కటే చాలు. టాప్ హ్యాండిల్ మిషన్ కొన్నా సరే, ఇది నడుముకి ఉండాల్సిందే. బారు కొమ్మలో ఇరుక్కుపోతే విడిపించేది ఇదే.

చైను దగ్గరే అసలు ఖర్చు

మిషన్ ఒకసారి కొంటారు, చైన్లు ఎప్పుడూ కొంటూనే ఉంటారు. చైను గురించి మూడు అంకెలు తెలియాలి. పిచ్ (లింకుల మధ్య దూరం), గేజ్ (బారు గాడిలో దిగే లింకు మందం), డ్రైవ్ లింకుల లెక్క (గాడిలో దిగే లింకులెన్ని). ఈ మూడూ సాధారణంగా బారు మీదే కొట్టి ఉంటాయి. ఒక ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. "ఆ చిన్న మిషన్‌ది ఇవ్వన్నా" అంటే షాపువాడు తోచింది ఇస్తాడు.

టాప్ హ్యాండిల్ మిషన్లకి ఎక్కువగా రెండు రకాల చైన్లు వస్తాయి. పావు అంగుళం పిచ్ చైను పళ్లు చిన్నవి, కోత నున్నగా వస్తుంది, మిషన్ అదరదు, 25 సీసీకి అది హాయిగా ఉంటుంది. దానికి చైను రకాన్ని బట్టి 3.2 లేదా 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి. అంత సన్నటి పళ్లు ఇసుక బెరడులో తొందరగా మొండిబారతాయి. మళ్లీ పదును పెట్టడానికీ ఓపిక, మంచి కళ్లు కావాలి. రెండోది మూడు బై ఎనిమిది అంగుళం పిచ్ లో ప్రొఫైల్ (ఎత్తు తక్కువ రకం). 30 సీసీ దాటినవాటికి ఎక్కువగా ఇదే. ఆకురాయి 4 మిల్లీమీటర్లది. ప్రతి పన్ను ముందూ ఉండే చిన్న మెట్టు, పన్ను కొనకంటే సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. కోత మందగించిందని దాన్ని బాగా అరగదీసేవాళ్లున్నారు. అప్పుడు చైను కొరుకుతుంది తప్ప కోయదు, వెనక్కి తన్నడమూ పెరుగుతుంది. కొబ్బరి, బీచ్ పక్క పని ఎక్కువైతే రెండో రకం చైనుకే నా ఓటు.

పెట్రోల్ విషయంలో కొంచెం జాగ్రత్త

ఈ మిషన్లు టూ స్ట్రోక్. చాలావాటికి లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్, అంటే 50కి 1. మన బంకుల్లో ఇప్పుడొచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. చాలా కంపెనీల మాన్యువల్స్ 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. కాబట్టి కొనేముందు ఆ పేజీ తీసి చూడండి, డీలర్‌ని సూటిగా అడగండి. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. సముద్రం పక్క ఊళ్లో తేమకి కొదవా? డబ్బాలో నెలల తరబడి నిలవ ఉన్న మిశ్రమంలో నీళ్లు అడుక్కి చేరతాయి, కార్బొరేటర్‌లోని రబ్బరు పొర గట్టిపడుతుంది, మిషన్ స్టార్ట్ అయినట్టే అయి ఆగిపోతుంది. వారానికి సరిపడా మాత్రమే కలుపుకోవడం, పని లేని రోజుల్లో ట్యాంకు ఖాళీ చేసి ఆగేదాకా నడిపి పెట్టడం తప్ప దీనికి వేరే మందు లేదు. చైన్ ఆయిల్ బదులు బండిలోంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ పోయడం మన దగ్గర మామూలే. అందులో లోహపు పొడి ఉంటుంది, చిన్న మిషన్ ఆయిల్ పంపు దాన్ని తట్టుకోలేదు.

ఎవరికి ఏది

ఇళ్ల దగ్గర కొమ్మలు దించే పనే ఎక్కువగా చేసేవాళ్లు, ఎక్కేది కుర్రాళ్లు కాకుండా కాస్త వయసు మీదపడ్డ మనిషైతే, 25 సీసీ పెట్రోల్ లేదా బ్యాటరీ తీసుకోవచ్చు. అపార్ట్‌మెంట్లు, గేటెడ్ కమ్యూనిటీలతో ఏడాది కాంట్రాక్టు ఉన్నవాళ్లకి బ్యాటరీయే నయం, ఫిర్యాదులు రావు. కొబ్బరి, పెద్ద చెట్లు మొత్తం తీసేవాళ్లకి 30–35 సీసీ. ఇద్దరు ఎక్కేవాళ్లున్న బృందమైతే, ఒకే పెద్దరకం మిషన్ కంటే ఒక 35 సీసీ, ఒక తేలికది ఉండడం మేలు. ముందు తేలికది ఎక్కి కొమ్మలు తీస్తుంది, తర్వాత దాన్ని తాడుతో దించి మానుకి పెద్దది పంపొచ్చు. తుపాను సీజన్ పని మీద ఆధారపడేవాళ్ల దగ్గర కనీసం ఒకటైనా పెట్రోల్ మిషన్ ఉండి తీరాలి.

బడ్జెట్ వేసుకునేటప్పుడు మొత్తం డబ్బు మిషన్ మీదే పెట్టకండి. చైన్ ప్యాంటు (చైను తగిలితే కాలుని కాపాడేది), గడ్డం కింద బెల్టు ఉన్న క్లైంబింగ్ హెల్మెట్, కళ్లజోడు, మిషన్ వేలాడదీసే పట్టీ కూడా అందులో చేరాలి. ప్యాంటు మీద క్లాస్ 1 అని ఉంటే, సెకనుకి 20 మీటర్ల వేగంతో తిరిగే చైనుని ఆపుతుందో లేదో పరీక్షించారని అర్థం. మిషన్ పట్టీ ఒక హద్దు దాటిన బరువు పడితే తెగిపోయే రకమై ఉండాలి. లేకపోతే పడుతున్న కొమ్మలో బారు ఇరుక్కుంటే మిషన్‌తో పాటు మనిషినీ లాగేస్తుంది.

మిషన్ ఏదైనా, సొంత పెరట్లో చెట్టుకైనా సరే, మొత్తం కొట్టేయాలంటే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి కావాల్సినవే ఎక్కువ. ఆ కాగితం ఇంటి యజమాని దగ్గర ఉందో లేదో పని ఒప్పుకునేటప్పుడే అడగాలి. లైను పక్కన కొమ్మ అయితే ఈపీడీసీఎల్ (కరెంటు సంస్థ) వాళ్లకి చెప్పి, లైన్‌మ్యాన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని సప్లై ఆపాకే ఎక్కాలి. బ్యాటరీ మిషన్ ప్లాస్టిక్ బాడీ కదా, షాక్ కొట్టదులే అనుకునేవాళ్లున్నారు. బారు ఇనుమే, పచ్చి కొమ్మలో నీరుంటుంది.

ఇక షాపులో చూడాల్సినవి. మిషన్‌ని పెట్రోల్, ఆయిల్ పోయించి, బారు, చైను బిగించి ఎత్తి చూడండి. స్టార్ట్ చేయించండి. ఐడ్లింగ్‌లో చైను కదలకూడదు. కాస్త రేజ్ చేసి ముందున్న చైన్ బ్రేక్ పట్టీని మణికట్టుతో నెట్టితే చైను ఠక్కున ఆగాలి. బారు ముక్కుని అట్టముక్క మీదకి చూపించి రేజ్ చేస్తే సన్నటి ఆయిల్ చార పడాలి. కవర్ మీ చేత్తోనే విప్పి, మళ్లీ బిగించండి. వ్యాపారానికి వాడితే వారంటీ ఎంతకాలమో బిల్లు రాసేటప్పుడే అడగండి. ఇంట్లో వాడకానికి ఇచ్చేదానికంటే అది తక్కువ ఉండొచ్చు. సీరియల్ నంబర్ బిల్లు మీద వేయించుకోండి. అదే బిల్లులో రెండు స్పేర్ చైన్లు, సరైన సైజు ఆకురాయి, ఒక ప్లగ్, ఒక ఎయిర్ ఫిల్టర్, రెండు బారు నట్లు కూడా రాయించండి. అవి ఆ షాపులో అప్పటికప్పుడు లేవంటే, పక్క షాపులో ఆ మిషన్ సంగతేమిటో చూసొచ్చాకే డబ్బు కట్టండి.